ఉప్పు కొటారుకు రాసిన మాట

పూడిరేవులో సన్యాసయ్య మేస్త్రి దగ్గర తాపీ పని నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ ఆయన మీద ఒకే ఫిర్యాదు చెబుతారు. ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పడు, పని చెబుతాడు. సున్నంలో ఇసుక పాలు ఎంతని అడిగినవాడు నెల్లాళ్ళు గానుగ చుట్టూ ఎద్దులను తోలాడు. తూకంగుండు ఎందుకని అడిగినవాడి చేత గుండు లేకుండా గోడ కట్టించి, అది పూర్తయ్యాక వాడి చేతనే పడగొట్టించాడు. పేరుకే సన్యాసి. ఇంట్లో ఆరుగురు పిల్లలు, పదకొండుమంది మనవలు, రెండు గేదెలు. అంత గోలలో ఉండి కూడా డెబ్భై ఏళ్ళు దాటినా ఆయన గొంతు పెంచి ఎరగడు.

ఆయన చివరి శిష్యుడు త్రినాథ. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. డిప్లొమా చదివి, ఊళ్ళో సున్నపు పని తెలిసిన చేతులు కరువైపోతున్నాయని తెలిసి, వెతుక్కుంటూ వచ్చి మేస్త్రి దగ్గర చేరాడు. చదువుకున్నవాడు కనుక మాటల మీద గురి ఎక్కువ. ఆ ఏడు వైశాఖంలో మున్సిపాలిటీ వాళ్ళు, వానలు పడేలోగా పాత కట్టడాలన్నీ చూసి జాబితా ఇమ్మని మేస్త్రిని అడిగారు. కాగితంలో మూడు గడులు: కట్టడం, వీధి, స్థితి. స్థితి అన్న గడిలో 'శిథిలం' అని పడిందో, వారం తిరక్కుండా ఆ కట్టడాన్ని కూల్చేస్తారు. ఇంకేం రాసినా ఆఫీసులో చదివే నాథుడు లేడు.

"గురువుగారూ, శిథిలం అని ఎప్పుడు రాయాలి?" అని త్రినాథ అడిగాడు. "నిఘంటువు చూశాను. వదులైనది, సడలినది, పట్టు తప్పినది అని ఉంది. ఊళ్ళో జనమేమో వెల్ల వెలిసిన ప్రతి కొంపనీ ఆ మాటే అంటున్నారు. దేన్ని పట్టుకోమంటారు?"

మేస్త్రి నోట్లోని వక్కముక్కను ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. "ఉప్పు కొటారు సూసి రా," అన్నాడు.

ఉప్పు కొటారు సముద్రం ఒడ్డున, ఉప్పు మళ్ళకు ఆనుకుని ఉంది. దొరల కాలంలో ఉప్పు బస్తాలు నిలవ చేయడానికి కట్టినది. ఉప్పు బేరం రైలు స్టేషను వైపు తరలిపోయాక ఖాళీగా పడి ఉంటే, ఎరకమ్మ అనే ఆవిడ అందులో ఉయ్యాలలు కట్టింది. ఎరకమ్మ కూడా ఒకప్పుడు మళ్ళలో ఉప్పు లాగినదే. తన రెండో బిడ్డను గట్టు మీద గొడుగు నీడన పడుకోబెట్టి పనిలోకి దిగిన రోజున, నీడ జరిగిపోయింది, ఆవిడ చూసుకోలేదు. బిడ్డ ఎండదెబ్బకు పోయింది. మళ్ళీ ఆవిడ మడిలో కాలు పెట్టలేదు. కొటారు దూలాలకు పాత చీరలు కట్టి, పనికి వెళ్ళే తల్లుల పిల్లలను ఊపడం మొదలుపెట్టింది. త్రినాథ వెళ్ళేనాటికి పంతొమ్మిదేళ్ళయింది. ఆ వేళ పదిహేడు ఉయ్యాలలు ఊగుతున్నాయి.

త్రినాథ గోడల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. గోడల పూత చేపపొలుసుల్లా రాలుతోంది. ఇటుకల మీద తెల్లటి ఉప్పు పూసింది. పడమటి గోడకు రెండో దూలం కింద నుంచి కిటికీ దాకా బీట. అందులో చిటికెనవేలు దూరుతుంది. ఆ దూలానికే ఆరు ఉయ్యాలలు. అతను అక్కడికక్కడే పెన్సిలుతో 'శిథిలం' అని రాసేశాడు.

"ఏటి బాబూ రాస్తన్నావు?" అంది ఎరకమ్మ.

"ఈ గోడ ప్రమాదమమ్మా."

"అదా? నాను వొచ్చిన కాణ్ణుంచీ అలగే ఉంది. ఉప్పు తాగిన గోడ, పొట్టు రాలుస్తాది. ఏటేటా సున్నం కొడతాం, ఏటేటా రాలుస్తాది. దానికీ మాకూ అలవాటైపోనాది."

త్రినాథ నవ్వలేదు. పంతొమ్మిదేళ్ళుగా పడలేదు కనుక ఇక పడదని నమ్మేవాళ్ళను చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది. నిజానికి అది మండవలసిన విషయమే.

ఇంటికి వచ్చి చెబితే మేస్త్రి కాగితం కేసి చూసి, "సెరిపీ," అన్నాడు. "ముందు సాక్షి ఎయ్యి. నీ కంటే, నా కంటే అదే బాగా సెప్తాది."

సాక్షి అంటే పెద్ద విద్యేమీ కాదు. బీట మీద అడ్డంగా జానెడు సున్నపు పట్టీ వేసి, పచ్చిగా ఉండగానే మేకుతో తేదీ గీస్తారు. గోడ ఇంకా కదులుతుంటే పట్టీ తెగుతుంది. ఎప్పుడో కదిలి ఆగిపోయినదైతే పట్టీ చెక్కుచెదరదు. మర్నాడు పొద్దున్నే త్రినాథ వెళ్ళి, పూత గీకి, ఇటుక దాకా శుభ్రం చేసి, బీట మీద మూడు చోట్ల పట్టీలు వేశాడు. ఒకటి కిటికీ పక్కన, ఒకటి నడుమ, ఒకటి దూలం కొస దగ్గర. మూడింటి మీదా ముత్యాల్లాంటి అక్షరాలతో తేదీ గీశాడు. ఆ అక్షరాలు చూసుకుని కాస్త మురిసిపోయాడు కూడా. తరవాత మిగిలిన వీధుల జాబితాలో పడి నాలుగు రోజులు అటు తిరిగి చూడలేదు.

అయిదో రోజున వెళ్ళేసరికి మూడు పట్టీలూ పగిలి ఉన్నాయి.

నాలుగు రోజుల్లో మూడూ! అంటే గోడ నడుస్తోందన్నమాట. త్రినాథకు, తన ఎదుటే ఆ ఆరు ఉయ్యాలలూ ఊగుతుంటే ప్రతి ఊపూ గోడను లాగుతున్నట్టే అనిపించింది. ఉన్నపళంగా పిల్లలను బయటికి తీయించాడు. ఎరకమ్మ వద్దన్నకొద్దీ తానే ముడులు విప్పాడు. నిద్రలో లేచిన పదిహేడు మంది పసివాళ్ళు ఒక్కసారి అందుకుంటే ఆ రాగం మళ్ళ దాకా వినిపించింది. తల్లులు పార వదిలేసి, మోకాళ్ళ దాకా ఉప్పునీళ్ళతో పరుగెత్తుకొచ్చారు.

"ఇప్పుడు ఈ పసిగుంటల్ని ఏటి సెయ్యమంటావు బాబూ?" అని ఒకామె అడిగింది. "మళ్ళీ గట్టు మీదేనా?"

ఆ మాట వినగానే ఎరకమ్మ మొహం ఎండిపోయింది. ఆవిడ తాటాకులు ఏరుకురావడానికి వెళ్ళింది. సాయంత్రానికి గోడకు దూరంగా ఒక పందిరి వేశారు గానీ, వైశాఖపు ఎండకు తాటాకు పందిరి ఏపాటిది? పిల్లల ఒళ్ళంతా పేలిపోయింది. ఇద్దరు తల్లులు కూలి మానుకున్నారు. త్రినాథకు బాధ కలిగింది. కానీ ఆ బాధ కింద, తాను మొదటే సరిగ్గా చెప్పానన్న ఒక చిన్న తృప్తి కూడా ఉంది. ఆ తృప్తి సంగతి అతను చాలా ఏళ్ళ తరవాత తనే ఒప్పుకున్నాడు. ఈసారి 'శిథిలం' అని సిరాతో రాశాడు.

కబురు విని మేస్త్రి రిక్షా మాట్లాడుకుని మర్నాడు తానే వచ్చాడు. పందిరి కింద ఏడుస్తున్న పిల్లలను చూశాడు. లోపలికి వెళ్ళి నడుమ పట్టీ మీద బొటనవేలితో రుద్దాడు. ఎంతోసేపు రుద్దాడు. త్రినాథ పక్కనే నిలబడి, మెచ్చుకోలు కోసం కాకపోయినా కనీసం ఒక నిట్టూర్పు కోసం ఎదురుచూశాడు.

"సున్నం ఇంకా ఉందేటి?" అన్నాడు మేస్త్రి.

"ఉంది గురువుగారూ."

వాకిట్లో ఒక నల్లరాయి ఉంది. ఒకప్పుడు ఉప్పు బస్తాలు దించడానికి ఆనుగా ఉండేది. బారెడు వెడల్పు, పైకి కనబడేదాని కంటే భూమిలో పాతుకున్నదే ఎక్కువ. నలుగురు మనుషులు గునపాలేసినా కదలదు. మేస్త్రి దాన్ని చూపించి, "ఆ రోజు గోడ మీద ఎలగేసినావో అలగే దీని మీదొక పట్టీ ఎయ్యి. ఒక్క పిసరు ఎక్కువొద్దు, తక్కువొద్దు," అన్నాడు. త్రినాథకు ఏమీ అర్థం కాలేదు. అయినా వేశాడు. అలవాటు కొద్దీ తేదీ కూడా గీశాడు. మేస్త్రి మళ్ళీ రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇద్దరూ కలిసే వచ్చారు. రాతి మీది పట్టీ ఎండకూ సముద్రపు గాలికీ అప్పడంలా ఎండిపోయి, వల కన్నుల్లాగా నలుదిక్కులా సన్నగా పగిలి ఉంది. గోడ మీది మూడు పట్టీలూ సరిగ్గా అలాగే పగిలాయి. మేస్త్రి రాతి మీది ఇసుక దులిపి దాని మీద కూర్చున్నాడు.

"రాయి కూడా కూలిపోతాందేటిరా?"

త్రినాథకు తన తప్పు అప్పుడు తెలిసింది. ఎండిన ఇటుకను ముందుగా నీళ్ళతో తడపలేదు. పట్టీ మీద తడి గోనె కప్పలేదు. నాలుగు పూటలు నీళ్ళు చల్లలేదు. తాపీ పట్టిన మొదటి నెలలోనే ఎవరైనా నేర్చుకునేవి అవి. ఉప్పు తాగిన ఇటుక మొదటే దాహంగా ఉంటుంది. సున్నంలోని నీరంతా గంటలో పీల్చేసింది. గోడ పట్టీని పగలగొట్టలేదు, తన తొందర పగలగొట్టింది. ఆ పగులు చూసి పదిహేడు మంది పిల్లలను ఎండలోకి ఈడ్చాడు, సిరాతో ఆ మాట రాశాడు.

విషయం తెలిశాక ఎరకమ్మ ఊరుకోలేదు, ఊరుకోవలసిన అవసరమూ లేదు. "నీ సున్నం బద్దలైనందుకు మా గుంటలు ఎండలో మాడాలేటి బాబూ?" అంది. త్రినాథ జేబులోంచి కాగితం తీసి, ఆ మాటను అడ్డంగా కొట్టేశాడు. పక్కన 'బాగున్నది' అని రాయబోతుంటే మేస్త్రి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అదెవడు సెప్పినాడు నీకు?"

"పగులు నా తప్పే కదండీ."

"నీ తప్పు సంగతి రాయి సెప్పింది. గోడ సంగతి గోడింకా సెప్పలేదు. ఉయ్యాలలు పందిట్లోనే ఉండనీ."

ఈ మాట మీద ఎరకమ్మకు మేస్త్రి మీదే కోపం వచ్చింది. "మీరూ మీరూ ఒకటే. రాసీసినప్పుడు ఒక్క పూటలో రాసీసినారు. కొట్టీసినాక నెల్లాళ్ళు సూస్తారా?" అని నిలదీసింది. మేస్త్రి చేతులు జోడించాడు. అంత పెద్దమనిషి చేతులు జోడించేసరికి ఆవిడ తడబడి, "సర్లెండి, ఏటి సెయ్యాలో అది సెప్పండి," అంది. నీళ్ళు పొయ్యాలన్నాడు ఆయన.

త్రినాథ పట్టీలు మళ్ళీ మొదటి నుంచి వేశాడు. ఈసారి ఇటుకకు రెండు రోజులు నీళ్ళు పట్టించాడు. పాత సున్నం మెత్తగా నూరి వేసి, మీద తడి గోనె కప్పాడు. పొద్దున ఒకసారి, పనికి వెళుతూ ఒకసారి, అన్నాలకు వచ్చి ఒకసారి, పొద్దువాలాక ఒకసారి తల్లులే వంతులేసుకుని నీళ్ళు చల్లారు. త్రినాథ తన పనులన్నీ మానుకుని రోజూ వచ్చి, పందిరి మీద కొత్త తాటాకు కప్పి, చుట్టూ తడి పరదాలు కట్టి, పిల్లల దగ్గర కూర్చున్నాడు. మొదటి వారం తల్లులెవరూ అతనితో మాట్లాడలేదు. రెండో వారంలో ఒకామె, "బాబూ, మా గుంటడు ఏడిస్తే ఎడం పక్కకి తిప్పు," అని చెప్పి వెళ్ళింది. ఆ మాట అతనికి పరీక్షలో మొదటి తరగతి వచ్చినంత సంతోషాన్నిచ్చింది.

పన్నెండో రోజు సాయంత్రం గాలివాన వచ్చింది. వైశాఖంలో ఆ తీరాన అది మామూలే గానీ, ఆ ఏడు గాలి మరీ రెచ్చిపోయింది. మళ్ళలో గుట్టలు పోసిన ఉప్పు కరిగిపోయింది. పందిరి లేచి ఎటో కొట్టుకుపోయింది. అప్పటికే పిల్లలను తల్లులు ఇళ్ళకు తీసుకుపోయారు కనుక సరిపోయింది. త్రినాథ కొటారు ఎదుట తడుస్తూ నిలబడి పడమటి గోడనే చూశాడు. పడిపో, పడకు, రెండు కోరికలూ ఒకేసారి కలిగాయి అతనికి. పడితే తన మొదటి మాట నిలబడుతుంది. పడకపోతే ఎరకమ్మ నిలబడుతుంది. గాలి ఆగేసరికి మొదటి కోరిక ఎక్కడికి పోయిందో పోయింది, మళ్ళీ రాలేదు. గోడ అక్కడే ఉంది.

మర్నాడు పందిరి మళ్ళీ వేసుకున్నారు. పట్టీలు వేసిన ఇరవై ఒకటో రోజున మేస్త్రి వచ్చాడు. ఎరకమ్మ, తల్లులు, అందరూ లోపల చేరారు. త్రినాథ గోనెలు తీశాడు. కిటికీ పక్కన పట్టీ రాయిలా ఉంది. నడుమ పట్టీ రాయిలా ఉంది. నిచ్చెన వేసుకుని దూలం కొస దగ్గర గోనె తీసేసరికి అతని చెయ్యి ఆగిపోయింది. అక్కడ పట్టీ తెగి ఉంది. ఈసారి వల కన్నుల్లా కాదు. కత్తితో కోసినట్టు ఒకటే గీత, బీట ఎటు పోతే అటు.

"తెగింది," అన్నాడు కిందికి చూడకుండా.

ఎరకమ్మ నిచ్చెన దగ్గరకు వచ్చి పైకి చూసింది. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి మాత్రం, "ఎంత మేర? సేత్తో కొలిసి సెప్పు," అన్నాడు.

త్రినాథ దూలం కొస చుట్టూ వేళ్ళతో తట్టాడు. సుత్తి పిడితో తట్టాడు. గుల్లగా మోగినచోట సుద్దముక్కతో గీత గీశాడు. గట్టిగా మోగినచోట ఆపాడు. పై నుంచి కారిన వానకు దూలం కొస కుళ్ళి, దాని కింద ఇటుకలు వదులైపోయాయి. ఊపిన ప్రతిసారీ కదిలినది, మొన్నటి గాలికి పట్టీని తెంపినది ఆ చోటే. గీతలన్నీ కలిపితే మూరన్నర. ఆ కింద పన్నెండు అడుగుల గోడ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది. దాని బీట ఎప్పటిదో, ఏ తుఫాను నాటిదో, కదిలి ఆగి కూడా తరాలైంది. ఎరకమ్మ చెప్పినదీ తప్పే, తాను రాసినదీ తప్పే. పడదన్న గోడలో ఆరుగురు పిల్లల తల మీద పడగలిగిన మూరన్నర ఉంది. పడుతుందన్న గోడలో ఇంకో నూరేళ్ళు నిలబడగలిగిన పన్నెండు అడుగులు ఉన్నాయి. త్రినాథ నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయం వల్లనో సంతోషం వల్లనో అతనికే తెలియలేదు.

జాబితాలో ఇలా రాశాడు: 'పడమటి గోడ, రెండో దూలం కొస చుట్టూ మూరన్నర శిథిలం. తక్కిన గోడ నిలకడగా ఉన్నది. కొస సరిచేయుచున్నాము. అంతవరకు లోపల ఎవరినీ ఉంచలేదు.' ఆ రాత గడి దాటి, అంచు దాటి, కాగితం వెనక్కి పోయింది. ఆఫీసులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏటండీ ఇది? గడిలో ఒక్క మాట రాయమన్నాం. పట్టలేదు చూడండి," అన్నాడు.

"గడి సిన్నదైతే గోడ తప్పేటి బాబూ?" అన్నాడు మేస్త్రి. గుమాస్తా నవ్వాలో కసరాలో తెలియక ముద్ర కొట్టేశాడు.

పని తొమ్మిది రోజులు పట్టింది. దూలానికి కింద ఆనుకర్రలు పెట్టి, కుళ్ళిన కొస కోసి, టేకు ముక్క అతికి, మూరన్నర గోడను ఇటుక ఇటుకా విప్పి మళ్ళీ కట్టారు. తల్లులు సున్నం మోశారు. నీళ్ళు పొయ్యడం ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది. కట్టినది బాగా ఆరిందాకా, మేస్త్రి సరేనన్నదాకా ఆగారు. తొలకరి పడ్డ వారానికి ఆనుకర్రలు తీశారు.

ఆ రోజు ఉయ్యాలలు కట్టడానికి తల్లులందరూ చీరలు పట్టుకుని వచ్చారు. కానీ రెండో దూలానికి మొదటి చీర ఎరకమ్మ తనదే కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. "ముందు ఏ గుంటా కాదు, నాను," అని అందులో కూర్చుంది. ఎరకమ్మ తక్కువ మనిషేం కాదు. నలుగురు పిల్లల పెట్టు. కాళ్ళతో నేలను తన్ని ఊగింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. తల్లులు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, "నవ్వండి, నవ్వండి," అంటూ ఇంకా ఊగింది. ఆవిడ కళ్ళు మాత్రం దూలం కొస మీదే ఉన్నాయి. దూలం కిక్కురుమనలేదు. అప్పుడు దిగి, ఒక పసిదాన్ని అందుకుని తాను ఊగిన ఉయ్యాలలోనే పడుకోబెట్టింది. మధ్యాహ్నానికి పదిహేడూ ఊగుతున్నాయి. పద్దెనిమిదోది కొత్తగా వచ్చిన బిడ్డకు.

త్రినాథకు ఆ రోజంతా ఒళ్ళు తేలిపోయింది. సాయంత్రం సామాన్లు సర్దుకుంటూ, కొత్తగా వెల్ల వేసిన గోడ మీద కిటికీ పక్కనా, నడుమనా ఆ రెండు పట్టీలు ఎబ్బెట్టుగా కనిపించి, గీకేద్దామని తాపీ తీశాడు.

"ఉండనీ," అన్నాడు మేస్త్రి, గుమ్మం దిగుతూ. "మనం సెప్పడం అయిపోనాది. గోడ సెప్పడం అవలేదు."